బావ చూసిన అడవిదున్న

పాలకొండ,
12-2-1968

కూర్మారావు బావకు,

మేమంతా క్షేమం. కొండల్లో చెరువు చూసొచ్చానని వారపత్రికలో నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఆహా, ఏం నడక! తొలి వాగు దగ్గరే జలగ పట్టిందని బండమీద కూలబడి, “ఒరే, నా వల్ల కాదు. నువ్వెల్లి సూసొచ్చి సెప్పు” అన్నది ఎవరు? దూడతో నీళ్ళకొచ్చిన అడవిదున్నను చూసి నీకు చెప్పింది నేను. వ్యాసంలో చూసింది నువ్వు, జలగ పట్టింది నాకు!

పోనీలే అనుకుందును. దారి కూడా పూసగుచ్చినట్టు రాశావే! అది పట్టుకుని తుపాకీ బాబులు జీపులో దిగారు. నిన్న దున్న తల తీసుకుపోయారు. విజయనగరంలో క్లబ్బు గోడకు తగిలిస్తారట.

దూడ ఇంకా చెరువు చుట్టూ తిరుగుతోంది. దాని గురించి ఎక్కడా రాయకు. తల్లిని చూడాలనుంటే, ఆ క్లబ్బు మీ వీధి చివరే. దారిలో జలగలుండవు.

నీ బావమరిది