ముందు సీటు దగ్గర తడి

పిచ్చుకా,

మీ అన్నయ్య పోయిన రోజు నుంచీ కారులో ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ తగ్గిపోతూనే ఉంది. ఈ రోజు బండి తీయకు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత అసలు తిప్పకు.

బడి నుంచి తెచ్చిన తెల్ల డ్రాయింగ్ కాగితాలు రాత్రి బండి కింద పరిచాను. పొద్దున చూస్తే ఒక్క చుక్క పడలేదు. నువ్వు కూర్చునే ముందు సీటు దగ్గర మ్యాట్ ఎత్తితే మాత్రం అడుగంతా తడి, తియ్యటి వాసన. కారుతున్నది లోపల, హీటర్ దగ్గర.

"అన్నయ్య రోజూ కాస్త పోసేవాడు వదినా, నువ్వు కంగారు పడతావని చెప్పొద్దన్నాడు" అని నిన్న ఎంత తేలిగ్గా అనేశావు! కారెక్కితే నీకు వికారమని ఇన్నేళ్ళూ నేను వెనక సీట్లోనే కూర్చున్నాను. మీ ఇద్దరి మాటలూ నాకు సగమే వినపడేవి. ఈ ఒక్కటైనా నాతో అని ఉండాల్సింది. నిన్ను చూస్తే కుళ్ళుగా ఉంది, దాచడమెందుకు.

టిఫిన్ మూత పెట్టి ఉంచాను, తిను.

బండి బాగయ్యాక నువ్వు నడుపు, ముందు సీటు నాది. పొద్దుటి నుంచి రెండుసార్లు ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మెకానిక్‌ని ఇంకా పిలవలేదు, బాగైతే మీ అన్నయ్య రోజూ పోసిన గుర్తూ పోతుంది.