మీ ఎర్ర కారుకి వ్యాక్స్ రాశాను

ఏమండీ,

బాగున్నారా అని అడగడం అలవాటు కొద్దీ అడుగుతున్నాను. మీరు వెళ్ళిపోయి ఏడాది దాటింది. సంవత్సరీకం కూడా పెట్టేశాం. ఇన్నాళ్ళూ మీకు ఉత్తరం రాయాలనిపించలేదు. ఇవాళ రాస్తున్నానంటే అది ప్రేమ పొంగి కాదు... ఒళ్ళు మండి.

అసలు కారుకి రాసే వ్యాక్స్‌ని ఎవరైనా స్టీలు డబ్బాలోకి మార్చి పెట్టుకుంటారా? అదీ మన పెళ్ళికి మా మేనత్త ఇచ్చిన డబ్బాలో! మూత మీద వీర్రాజు, మంగ అని మనిద్దరి పేర్లూ చెక్కి ఉన్నాయి. లోపలున్న దాని పేరు మాత్రం ఎక్కడా లేదు. అది ఏ కంపెనీదో, ఎక్కడ దొరుకుతుందో ఎవరికి తెలుస్తుంది? అడుగున కాస్త మిగిలింది, అదీ ఎండి పగుళ్ళిచ్చింది. మూత తీస్తే కిరసనాయిలు వాసన, దాని వెనక ఏదో తీపి వాసన. వాసన పట్టుకుని నేను ఎన్ని కొట్లు తిరగాలండీ?

మొదటి నుంచీ చెబుతాను, వినండి. ఇప్పుడైనా మధ్యలో లేచి వెళ్ళిపోరు కదా.

వేసవిలో ఉప్పాడ నుంచి నూకరాజు ఫోన్ చేశాడు. ఫోన్లో మాట్లాడుతున్నా మగ్గం నేయడం ఆపడు కదా, మీ ఆ స్నేహితుడు. ఆ రోజు మాత్రం మగ్గం ఆపాడు. “వదినా, అమ్మాయికి సంబంధం కుదిరిందండీ. పిఠాపురం వాళ్ళు. శ్రావణంలో ముహూర్తం. అన్నయ్య తన ఎర్ర కారే పంపుతానని మాటిచ్చాడు... ఇప్పుడు మిమ్మల్ని అడగొచ్చో లేదో నాకు తెలీటం లేదండీ” అన్నాడు.

పంపుతానన్నాను. ఇంకేమనగలను? మీరు బారసాలకి వెళ్ళి, ఉయ్యాల దగ్గర నిలబడి, “ఈ పిల్ల పెళ్ళికి నా బండే” అని చెప్పి వచ్చే మనిషి. రాజమండ్రిలో ఎంతమందికి అలా చెప్పారో, ఉప్పాడ దాకా ఇంకెంతమంది ఉన్నారో... ఒక్కొక్కరూ వచ్చి నన్నడుగుతుంటే నేనేం చేయను?

ఫోన్ పెట్టేసి షెడ్డులోకి వెళ్ళాను. మీరు పోయిన కొత్తలోనే బావగారు కారు మీద నీలం పట్టా కప్పి, లారీ సరుకుకి కట్టినట్టు తాళ్ళతో బిగించేశారు. రంగు పాడవకుండా అట. లారీలు తోలి తోలి మీ అన్నయ్యగారికి ఏదైనా బిగించి కడితేనే నిద్ర పడుతుంది. వానాకాలం చెమ్మంతా పట్టా లోపలే ఉండిపోయింది. ఆ పైన ఎండకి అంతా ఉడికింది. తాళ్ళు విప్పి చూద్దును కదా... కుంకుమ రంగు బండి ఏది? ముఖానికి పౌడరు ఎక్కువైనట్టు తెల్లగా పాలిపోయి, పాత గులాబీ రంగులో నిలబడి ఉంది మీ అంబాసిడర్. బానెట్ మీద వేలు గీస్తే వేలికి పొడి అంటింది.

ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

బావగారు వచ్చి చుట్టూ తిరిగి చూశారు. “రంగు చచ్చిపోయిందమ్మాయ్. ఇక దీన్నేం చేసినా లాభం లేదు. తెల్ల రంగు కొట్టించేద్దాం, శుభ్రంగా ఉంటది. నూకరాజుకి ఏదైనా ఏసీ కారు మాట్లాడి పెడతాన్లే” అన్నారు. ఎర్ర కారు కావాలని అడిగినవాడికి తెల్ల కారు! పట్టా కప్పింది ఎవరని అడగాలనిపించింది. ఆయన ముందు నేను నోరెత్తి మాట్లాడిందెప్పుడు?

స్టీలు డబ్బా సంచిలో వేసుకుని కార్ల సామాన్ల కొట్టుకి వెళ్ళాను. ఆ కొట్టాయన మంచివాడే గానీ ఊపిరి తీసుకోడు. ముద్దలాంటిది ఉంది, పాలలాంటిది ఉంది, చిమ్మి తుడిచేసేది ఉంది, ఏళ్ళ తరబడి పోని కోటింగు ఉంది... “మేడమ్, మీ బండికి క్లియర్ కోట్ ఉందాండీ?” అనడిగాడు. నాకేం తెలుసు? “ఎర్ర రంగండీ” అన్నాను. ఆయన నవ్వాపుకున్నాడు. నేను డబ్బా మూత తీసి ముక్కు దగ్గర పెట్టాను. “ఇది ముద్ద వ్యాక్సండీ. మామూలు మైనం కలిసినది” అన్నాడు. అని, మళ్ళీ కోటింగు గురించి మొదలుపెట్టాడు. చివరికి ఆయన నా చేతిలో పెట్టిన సీసా తెచ్చుకున్నాను.

ఆ సీసాలో ఉన్నది వ్యాక్స్ కాదు, పాలిష్ అని ఇంటికొచ్చాక తెలిసింది. రెండూ ఒకటి కాదటండీ. పాలిష్ పైనున్న చచ్చిన రంగుని గీకి తీసేస్తుంది. వ్యాక్స్ ఏమీ తీయదు, మిగిలిన రంగు మీద పొరలా కూర్చుని ఎండనీ నీళ్ళనీ ఆపుతుంది. ముందు అది, తరవాత ఇది. ఇన్నేళ్ళు మీ పక్కన కాపురం చేసి ఈ ముక్క నేను కొట్టాయనకి మళ్ళీ ఫోన్ చేసి తెలుసుకోవాల్సి వచ్చింది. మీరెప్పుడైనా చెప్పారా? “నీకెందుకే, చేతులు పాడవుతాయి” అనేవారు. ఇప్పుడు చూడండి నా చేతులు.

సరే, కారు కడిగి, ఆరబెట్టి, పాలిష్ మొదలుపెట్టాను. గుడ్డ ఎర్రబడింది. బావగారు గుండె మీద చెయ్యేసుకుని, “రంగంతా ఊడిపోతందమ్మాయ్, ఆపేయ్!” అని కేక పెట్టారు. నాకు మాత్రం ఒక్కసారిగా ధైర్యం వచ్చింది. మీరు కారు రుద్ది దండెం మీద ఆరేసిన ఎర్ర గుడ్డలు గుర్తొచ్చాయి. నా తెల్ల జాకెట్లతో కలిపి నానబెట్టి మీరు ఎన్నింటిని పాడు చేశారు? ఆ గుడ్డల గురించి నేనెంత అరిచాను? అంటే పాత రకం రంగు అంతే అన్నమాట... పైన గాజులాంటి పూత ఏమీ ఉండదు, రుద్దితే రంగే వస్తుంది. పోయేది చచ్చిన పొర. దాని కింద అరచేతి మేర కుంకుమ రంగు బయటపడింది.

అది చూశాక బావగారికీ ఉత్సాహం వచ్చింది. అక్కడే వచ్చింది తంటా. ఆయనకి మెల్లగా రుద్దడం రాదు. ఎడమ వైపు దీపం కింద అంచు మీద లారీ టైరు తోమినట్టు తోమారు. అంచుల్లో రంగు పలచగా ఉంటుంది కదా... అర్ధ రూపాయి బిళ్ళంత మేర కింద బూడిద రంగు పూత తేలింది.

అరిచేశానండీ. మీ అన్నయ్యగారి మీద, నేను. “పట్టా కప్పి చంపింది చాలక ఇప్పుడు తోలు కూడా వలిచేస్తారా?” అన్నాను. ఎదురింటి వాళ్ళు బయటికొచ్చారు. ఆయన గుడ్డ మెల్లగా బకెట్ అంచు మీద వేసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

ఆ రోజు నాకు అన్నం దిగలేదు. కోపమూ దిగలేదు.

పొద్దున్న లేచేసరికి ఆయన షెడ్డులో ఉన్నారు. తన పాత పంచెలు ఉతికి, అంచులు చింపేసి, మడతలు పెట్టి తెచ్చారు. “ఇవి మెత్తగా ఉంటాయమ్మాయ్. అంచులు నువ్వే చూసుకో. నేను తలుపులు చేస్తాను” అన్నారు. ఇద్దరం పని చేసుకున్నాం.

పాలిష్ అయ్యాక వ్యాక్స్ ఏది రాయాలన్న గొడవ. కొట్టాయన ఈసారి రెండు చిన్న డబ్బాలిచ్చాడు. ఒకటి మీ డబ్బాలాంటి మైనం ముద్ద. ఇంకోటి కొత్త రకం, ఎక్కువ నెలలు నిలుస్తుందట. మైనానిది మెరుపు, కొత్తదానిది బలం అన్నాడు. ఉప్పాడ ఉప్పు గాలికి ఏది ఆగుతుంది? ఆయన చెప్పలేకపోయాడు. అందుకని డిక్కీ మీద సగం ఒకటీ, సగం ఒకటీ రాసి, ముసురు పట్టిన రోజున బావగారి చేత బండి బయటికి తీయించాను. ఇద్దరం గొడుగులేసుకుని డిక్కీ వైపు చూస్తూ నిలబడ్డాం. దారిన పోయేవాళ్ళు మమ్మల్నేమనుకున్నారో! రెండు వైపులా నీళ్ళు గుండ్రంగా ముత్యాల్లా నిలిచి జారిపోతున్నాయి. కానీ మైనం వైపు ఎరుపు లోతుగా ఉంది. కొత్తదాని వైపు గాజుపెంకులా ఉంది. “వీర్రాజు బండి ఇటు ఉంది” అన్నారు బావగారు, మైనం వైపు చూపించి. వాదించలేదు నేను. అదే తెచ్చుకున్నాను.

రాయడం ఇంకో శిక్ష. మొదటిసారి ఆత్రంగా ఎండలోనే మొదలుపెట్టి, దోసెకి వెన్న రాసినట్టు మందంగా రాశాను. బానెట్ వేడికి అది బిగుసుకుపోయి తెల్లగా అట్ట కట్టింది. ఎంత తుడిచినా పోదు! దాన్ని వదిలించేసరికి భుజం పోయింది. అప్పుడు మీ మాట చెవిలో వినిపించింది... “పూసినట్టు కనపడకూడదు మంగా, ఊదినట్టుండాలి.” ఆ మాట ఒక రోజు ముందు వినిపిస్తే మీ సొమ్మేం పోయేది?

నీడలో, చల్లటి రేకు మీద, కొంచెం కొంచెంగా ఊదినట్టే రాశాను. కాసేపాగితే మసక కడుతుంది. వేలితో గీసి, కింద శుభ్రంగా కనిపిస్తే పంచె గుడ్డతో తుడవాలి. ఒక తలుపు అయ్యాకే ఇంకో తలుపు. టాపు మీదకి నా చెయ్యి అందదు. స్టూలు ఎక్కాను. మీరెలా చేసేవారండీ ఇదంతా, పాటలు పాడుకుంటూ?

ఆఖరి తలుపు తుడిచేసరికి అందులో నా ముఖం కనపడింది. చెమట, చెదిరిన జుట్టు, బోసి నుదురు. గబుక్కున గుడ్డ అడ్డం పెట్టి మళ్ళీ తుడిచాను.

బయల్దేరే రోజు పొద్దున్న బావగారు తాళాలు తీసుకుని, నేల చూస్తూ అన్నారు. “బండి నేను తోలుకెళ్తాను. నువ్వు... పెళ్ళి బండి కదమ్మాయ్... ఎవరైనా ఏమైనా అంటారేమో...” నాకు అర్థమైంది. రుద్దడానికి పనికొచ్చిన చేతులు పెళ్ళికి పనికి రావా? “నేను వస్తున్నానండీ” అని వెనక తలుపు తీసి కూర్చున్నాను. ఆయన బండి తీశారు.

ఉప్పాడ రోడ్డు మీద సముద్రం ఇంకా ముందుకొచ్చేసిందండీ. రాళ్ళు దాటి కెరటం ఎగిరి సగం కారు తడిసింది. బండి ఆపించాను. దిగి చూస్తే ఆ ఉప్పునీళ్ళు బానెట్ మీద ఒక్క క్షణం కూడా నిలవలేదు. గబగబా జారిపోయాయి. వెంటనే మంచినీళ్ళతో తుడిచాననుకోండి.

పందిరి దగ్గర పూలు కట్టేవాళ్ళు టేపు చుట్టలు పట్టుకుని తయారయ్యారు. కారంతా టేపు అంటించేస్తారట! వాళ్ళతో ఒక యుద్ధం. చివరికి దారంతోనే కట్టించాను. అది అయ్యాక నేనే దూరంగా, వలలు ఆరేసిన చోట నిలబడ్డాను. ఎవరూ నన్ను పొమ్మనలేదు. నేనే వెళ్ళాను. ఎందుకెళ్ళానో...

పెళ్ళయింది. అప్పగింతలయ్యాయి. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పిల్లా పిల్లాడూ ఎక్కబోతుండగా నూకరాజు వాళ్ళ అమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. చూపు సరిగా ఆనదు ఆవిడకి. కారు దగ్గరగా ముఖం పెట్టి, చేత్తో నిమిరి, “ఈర్రాజేడే? బండి ఇంత నిగనిగలాడతంటే ఆడు కనపడ్డేంటి? అన్నం తిన్నాడా?” అంది.

ఆవిడకి ఎవరూ చెప్పలేదటండీ. మిమ్మల్ని కొడుకులా చూసేది కదా, తట్టుకోలేదని దాచారట.

అందరూ నా వైపు చూశారు. పిఠాపురం వియ్యాలవారు కూడా. నేను దగ్గరికెళ్ళి, “తిన్నారమ్మా” అన్నాను. ఇంకేమనను? ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. “నువ్వొచ్చావా మంగా! మరి బండికి బొట్టెట్టకుండా అలా నిలబడ్డావేంటే? మొగుడి బండికి పెళ్ళాం ఎట్టకపోతే ఎవరెడతారు?”

మేళం వాళ్ళు ఆగిపోయారు. బావగారు స్టీరింగ్ పట్టుకుని ముందుకే చూస్తున్నారు. నూకరాజు పెళ్ళాం పార్వతి ఉంది చూశారూ, మనిషి ఎప్పుడూ పెదవి విప్పదు... ఆవిడే నడిచొచ్చి కుంకుమ భరిణె నా ముందు పట్టుకుంది. “పెట్టండి వదినా. మా పిల్ల ఎక్కే బండి. మీరే పెట్టాలి” అంది.

గంధం అద్ది, పైన కుంకుమ పెట్టాను. నిలవలేదండీ. గంధంతో సహా జర్రున జారి కిందకొచ్చేసింది. వ్యాక్స్! నీళ్ళు నిలవకూడదని భుజాలు పడేలా రాసింది నేనే కదా. “ఏం రాశాడే దీనికి, బొట్టు కూడా నిలవడం లేదు!” అంది ముసలావిడ. ముందు నూకరాజు నవ్వాడు. తరవాత పార్వతి. తరవాత అందరూ. నూకరాజు నవ్వుతూ నవ్వుతూ కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

కొంగుతో ఆ కాస్త చోటా గట్టిగా రుద్దాను. గంధం మళ్ళీ అద్ది, బొటనవేలితో నొక్కి పెట్టాను. ఈసారి నిలిచింది.

కారు కదిలింది. నేను దాని వెనక దుమ్ములో నిలబడి చూశాను. కోపం పోయిందనుకోకండి. దీపం కింద బిళ్ళంత మచ్చ అలాగే ఉంది. ఆ పెళ్ళిలో చూసినవాళ్ళు ఇద్దరు ఫోన్ చేసి, మీరు మాకూ మాటిచ్చారంటున్నారు. నిజంగా ఇచ్చారా? ఎవరినడగను?

సరే. దసరా ముందు ఇంకోసారి వ్యాక్స్ రాస్తాను. నీడలో, ఊదినట్టే. టాపు మాత్రం బావగారి వంతు. నా వల్ల కాదు.

ఉంటాను.

మీ
మంగ