ఒక్క రోజుకని పెట్టిన హద్దు

నాన్నకు,

ఎదురుగా నిలబడి చెప్పే ముఖం లేక కాగితం తీసుకున్న మీ అమ్మాయి రాస్తున్నది. ఫోన్ చేద్దామని మూడుసార్లు మీ నంబరు తీశాను. మీరు "ఏమ్మా, తిన్నావా?" అంటారు, నేను "ఆ, తిన్నా" అంటాను, అక్కడితో మాట అయిపోతుంది. అందుకే ఈ ఉత్తరం. అత్తయ్య పక్కన లేనప్పుడు చదువుకోండి.

మీ కంప్యూటర్ నెమ్మదించింది కేబుల్ వల్ల కాదు నాన్నా. నా వల్ల.

మీరు రేడియోలో ముప్పై ఏళ్లు వార్తలు చదివి రిటైరయ్యాక, చూపులేని విద్యార్థుల గ్రంథాలయానికి పుస్తకాలు చదివి పెడతానన్నప్పుడు ఎగిరి గంతేసింది నేనే. మీ గదిలో గోడలకు పాత పరుపులు ఆనించి మైకు పెట్టాం. రెండు పాత కంప్యూటర్లలో నేనే లినక్స్ ఎక్కించాను. ఒకటి మీరు రికార్డు చేసుకోవడానికి, ఇంకొకటి హాల్లో ఉండి అన్నీ దాచిపెట్టడానికి. మధ్యలో కేబుల్ కూడా నేనే లాగాను. పుస్తకం మొత్తం ఆరు గిగాబైట్లు, నిమిషంలో హాల్లోకి వచ్చి పడేది. మీరు గడియారం చూసుకుని మురిసిపోయేవారు.

ఆ మంగళవారం ఇంటి నుంచే మా పైవాళ్లతో నాకు మీటింగు ఉంది. అంతకు ముందు మీటింగులో, మీ కంప్యూటర్ గ్రంథాలయానికి ఫైళ్లు పంపుతున్న సమయానికే తెర మీద నా బొమ్మ నోరు తెరుచుకుని ఆగిపోయింది. అందరూ నవ్వారు. ఈసారి అలా కాకూడదని, మీరు స్నానానికి వెళ్లినప్పుడు మీ కంప్యూటర్ తెరిచి ఒక వరుస ఆదేశం రాశాను. దాంట్లోంచి బయటికి వెళ్లేది ఏదైనా సెకనుకు ఎనిమిది మెగాబిట్లు దాటకూడదని. ఇంటర్నెట్‌కు వెళ్లేదానికి మాత్రమే హద్దు పెట్టాల్సింది, తొందరలో మొత్తానికీ పెట్టేశాను. మీరు మధ్యలో ఆపి మళ్లీ ఆన్ చేసినా పోకుండా, మొదలయ్యేటప్పుడు నడిచే ఫైల్లో రాశాను. మీటింగు బాగా జరిగింది. ఆ వరుస సంగతి మరిచిపోయాను.

నిమిషంలో అయ్యే పనికి గంటా నలభై నిమిషాలు పట్టడం మొదలైంది. గురువారం గ్రంథాలయం మేడమ్ మన ఇంటికి వచ్చి, "తర్వాతి అధ్యాయాలు ఎప్పుడిస్తారు సార్?" అని అడిగితే మీరు నన్ను పిలిచారు. "ఈ డబ్బా నీరసపడిపోయిందమ్మా, ఒకసారి చూడు" అన్నారు. ఆవిడ ముందే నేను మిమ్మల్ని కసిరాను. "తెలియనివాటిలో వేలు పెట్టొద్దని ఎన్నిసార్లు చెప్పాలి నాన్నా! ఏదో ఒకటి నొక్కేస్తారు, తర్వాత నన్ను పిలుస్తారు" అన్నాను. మీరు నవ్వి, "అంతే అయ్యుంటుంది మేడమ్, నా వేళ్లు ఊరుకోవు" అన్నారు. ఆవిడ కాఫీ సగంలో వదిలేసి లేచారు.

శనివారం కూర్చుని వరసగా చూశాను. డిస్కులు బాగానే ఉన్నాయి. కేబుల్ పూర్తి వేగంతోనే పనిచేస్తోందని కంప్యూటర్ చెబుతోంది. ఫైళ్లు పక్కన పెట్టి, ఉత్త డేటాను ఇటునుంచి అటు పంపి కొలిచాను. ఎనిమిది. మళ్లీ కొలిచాను. ఎనిమిది. లోపం ఉంటే అంకె ఎగుడుదిగుడుగా వస్తుంది నాన్నా. గీత గీసినట్టు ప్రతిసారీ ఒకటే వచ్చిందంటే, ఎవరో కావాలని పెట్టిన హద్దు అది. ఆ ఎవరో ఎవరో నాకు ఆ క్షణంలోనే గుర్తొచ్చింది.

మీరు నా వెనకే నిలబడి ఉన్నారు. "నేనేం పాడుచేశానో దొరికిందా?" అని అడిగారు. అప్పుడు చెప్పేస్తే సరిపోయేది. "కేబుల్ అనుకుంటా నాన్నా" అన్నాను. నోటి నుంచి ఎంత సులువుగా వచ్చిందో! అక్కడి నుంచి నాటకం మొదలైంది. టేబుల్ కింద దూరి కేబుల్ మార్చాను. కేబుళ్లు కలిపే స్విచ్ డబ్బా మార్చాను. మీరు టార్చి పట్టుకుని, "జాగ్రత్తమ్మా, తల తగులుతుంది" అంటూ ఉన్నారు. పాడుకాని కేబుల్‌ని కత్తిరించి చెత్తబుట్టలో కూడా వేశాను. మర్నాడు మీరు కటింగుకు వెళ్లినప్పుడు ఆ వరుస తీసేశాను. మీరు వచ్చి పంపి చూసి, "భేష్! కేబులే!" అన్నారు. నేను తల ఊపాను.

సోమవారం మీరు మైకు డబ్బాలో పెట్టేశారు. "ఇక చదవనులేమ్మా, ఈ వయసులో నాకెందుకు ఇవన్నీ" అని సంచి సర్దుకుని మీ అక్క దగ్గరికి, అత్తయ్య ఇంటికి వెళ్లిపోయారు. పదిరోజులైంది. బయటివాళ్ల నెట్‌వర్కులు బాగుచేసి బతికేదాన్ని. తమ తప్పు దాచిపెట్టే వాళ్లను ఆఫీసులో నేనే పట్టుకుంటాను. కన్నతండ్రి, తాను దేనికీ పనికిరానని అనుకునేలా చేశాను. మీ గది తలుపు దగ్గరికి వేసి ఉంచాను, అటు చూడలేకపోతున్నాను.

క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది. తిట్టండి. మేడమ్‌కు నేనే ఫోన్ చేసి జరిగింది చెబుతాను. మీరు మాత్రం తిరిగి రండి.

మీ అమ్మాయి


అమ్మడూ,

చేతిరాత చూసి కంగారుపడకు. నేను చెబుతుంటే మీ అత్తయ్య రాస్తోంది. నీ ఉత్తరం చదివి వినిపించింది కూడా తనే. అత్తయ్య లేనప్పుడు చదువుకోమన్నావు, కుదరలేదమ్మా. ఎందుకో చెబుతాను.

ముందు నీ సంగతి. ఆ వరుస సంగతి నాకు తెలియదనుకున్నావు. గ్రంథాలయం మేడమ్ రాకముందే, బుధవారం నాడే చూశాను. నువ్వు నేర్పిన పద్ధతిలోనే, ఈ మధ్య ఏ ఫైళ్లు మారాయా అని వెతికితే దొరికింది. పక్కనే నువ్వు తేదీ వేసి రాసుకున్నావు, "మీటింగు కోసం, ఈ ఒక్క రోజుకే" అని. ఒక్క నొక్కుతో తీసేయగలను. తీయలేదు.

ఎందుకంటే అది నాకు అక్కరకొచ్చింది. నాలుగు నెలలుగా నా ఎడమ కన్ను సరిగా లేదు. కొద్ది రోజులకే కుడిది కూడా అలాగే అయింది. పేజీ చుట్టూ కనిపిస్తుంది, నేను చూస్తున్న మాట మాత్రం మధ్యలో చెరిగిపోతుంది. తెర మీద అక్షరాలు ఎంత పెద్దవైనా చేసుకుంటాను, అచ్చు పుస్తకంలో కుదరదు కదా. చదివేటప్పుడు పోయిన మాటను ఊహించి చెప్పేవాణ్ణి. ముప్పై ఏళ్లు గొంతు తడబడని మనిషిని, తప్పు మాటని కూడా తప్పనిపించకుండా చదవగలను. చూపులేని పిల్లలు, నా గొంతును నమ్మి, అవే రాసుకుని పరీక్షకు వెళతారు. తెలిసే చేశాను.

చూపు సంగతి చెప్పలేక, ఆ వారం మేడమ్ ఫోన్‌లో అధ్యాయాలు అడిగినప్పుడల్లా "నెట్‌వర్క్ నెమ్మదిగా ఉంది మేడమ్" అనేవాణ్ణి. నువ్వు కసిరిన రోజు నేను నవ్వింది మంచితనం కాదు. దొరికిపోలేదన్న ఊరట. నువ్వు టేబుల్ కింద దుమ్ములో పాకుతుంటే, పాడవని కేబుల్ మారుస్తున్నావని తెలిసే టార్చి పట్టుకున్నాను. నువ్వు హద్దు తీసేశాక నాకు సాకు మిగల్లేదు. అందుకే ఇక్కడికి పారిపోయి వచ్చాను. నువ్వు దాచింది రెండు వారాలు కూడా లేదు. నేను దాచింది నాలుగు నెలలు.

నిన్న అత్తయ్య కంటి డాక్టర్ దగ్గరికి లాక్కెళ్లింది. పోయింది తిరిగి రాదట, ఉన్నది నిలబెట్టడానికి సూదిమందు వేస్తారట. మేడమ్‌కు నువ్వు ఫోన్ చేయొద్దు. పొద్దున నేనే చేసి అంతా చెప్పాను. ఆవిడ, "ఏ అధ్యాయాల్లో అయ్యుంటుంది సార్?" అని మాత్రం అడిగింది. అన్నీ మళ్లీ విని చూసి చెబుతానన్నాను.

శనివారం వచ్చి నన్ను తీసుకెళ్లు. ఆ నాలుగు నెలల రికార్డింగులన్నీ మొదటి నుంచి పెడదాం. నువ్వు పుస్తకం పట్టుకుని కూర్చో, నేను వింటాను. నేను అల్లిన మాట వచ్చినచోటల్లా ఆపి, అసలు మాట చెప్పు. ఆ వాక్యం నీ వెనకే పలికి సరిచేస్తాను. మొహమాటపడి ఒక్కటి కూడా వదిలేయొద్దు.

నీ నాన్న

పైవన్నీ వాడి మాటలే. ఒకటి మాత్రం రాయొద్దన్నాడు, రాస్తున్నాను. నేను వాడికన్నా ఐదేళ్లు పెద్దదాన్ని, నా మీద వాడి పెత్తనమేమిటి! నీ ఉత్తరం నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. మూడోసారి, నువ్వు కసిరావే, ఆ వాక్యాలు వదిలేసి చదవమన్నాడు. "ఎందుకురా, బాధగా ఉందా?" అన్నాను. "నాకు కాదక్కా, అది రాసేటప్పుడు పిల్ల ఏడ్చి ఉంటుంది" అన్నాడు.

అత్తయ్య