నలభై ఒకటో వరుసలో గేదెలు

శ్రీ ఆగయ్యగారికి,
రోడ్డు మేస్త్రీ (రిటైర్డ్), గౌలిపుర.

నమస్కారం. గౌలిపుర మలుపు మీదుగా పోయే రాష్ట్ర రహదారిలో రెండు కిలోమీటర్లు ఈ నెల నుంచి మా నగర కార్యాలయం చేతికి వచ్చాయి. రిటైరయ్యే ముందు మీరు రాసిన అప్పగింత జాబితా నా ముందుంది. కల్వర్టులు నాలుగు, వేపచెట్లు పదిహేడు, కిలోమీటరు రాళ్లు రెండు, అన్నీ సరిపోయాయి. నలభై ఒకటో వరుసలో మాత్రం "గేదెలు, తొమ్మిది" అని ఉంది. కింద మీ పైఅధికారి సంతకమూ ఉంది. మావాళ్లు వెళ్లి చూస్తే ఎనిమిదే కనిపించాయి. తొమ్మిదోది ఏమైందో వారంలోగా తెలపగలరు.

ఇట్లు,
స్రవ్య, అసిస్టెంట్ ఇంజనీరు

తా.క. గేదెలు రోడ్డు ఆస్తి ఎలా అయ్యాయో కూడా ఒక ముక్క రాయండి. ఇది కంప్యూటర్ అడగలేదు, నేనే అడుగుతున్నాను.

*

మేడంగారికి,

రోడ్డును అప్పగించినా దాని మీది మనసును అప్పగించలేకపోయిన ఆగయ్య నమస్కారాలు.

ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసులో నా లెక్క ఒక్కసారీ తప్పలేదు. తొమ్మిదోది రాణి. చూడితో ఉంది కాబట్టి మా చెల్లె కృష్ణమ్మ దాన్ని కొట్టంలోనే కట్టేసింది. ఆ గేదెలన్నీ ఆమెవే. రోజూ ఏడున్నరకు రోడ్డు దాటి, మలుపులో ఉన్న రాతి తొట్టిలో నీళ్లు తాగి, అవతలి మైదానానికి పోతాయి. "రోడ్డు మీద రోజూ కనిపించేవన్నీ రాయి" అన్నాడు మా సారు. రాశాను.

చెల్లె ఫికర్ వేరే ఉంది. మీవాళ్లు టేపు పట్టుకొచ్చి, జాబితాలో లేనివన్నీ తీసేసి నడుమ డివైడర్ కడతామన్నారట. "తొట్టి తీసి తొవ్వ మూస్తే బర్రెల్ని అమ్ముకునుడే గద అన్నా. గీ వయసుల నేనేం జేసి బతకాలె?" అని ఒకటే ఏడుపు. తొట్టి సంగతి దయచేసి చెప్పండి.

ఇట్లు,
ఆగయ్య

తా.క. రాణి ఈనితే లెక్క పది అవుతుంది. ముందే చెబుతున్నాను, మళ్లీ నా మీదికి రావద్దు.

*

ఆగయ్యగారికి నమస్కారం.

తొట్టికి కాగితం లేదు. కాగితం లేనిదాని గురించి నేను ఏమీ రాయలేను. గేదెలకు ఉంది కాబట్టి వాటి గురించే రాస్తున్నాను. జాబితా ప్రకారం ఒకసారి తీసుకున్న ఆస్తిని ఊరికే లెక్కలోంచి కొట్టేయడానికి వీల్లేదు. అవి కృష్ణమ్మగారివని తేలేదాకా మావే. వాటికి వెంటనే నంబర్లు వేయమని పైనుంచి ఆర్డరు వచ్చింది. రేపు మా పెయింటర్ అంజన్ వస్తాడు, సహకరించగలరు.

ఇట్లు,
స్రవ్య

తా.క. రోడ్డు ఆస్తులన్నిటికీ పసుపు, నలుపు చారలు వేయాలట. అవి ఇప్పటికే సగం నలుపని చెప్పి ఆపాను. కొమ్ములకు రేడియం స్టిక్కర్లు మాత్రం తప్పేలా లేవు.

*

మేడంగారికి, గాయపడిన అంజన్ తరఫున కూడా ఆగయ్య నమస్కారాలు.

దెబ్బ చిన్నదే. కృష్ణమ్మ చేతిలోని చెంబు తగిలింది. "నా బర్రెలకు నంబరేస్తవా? ముందుగాల నీ నెత్తి మీద ఏస్కో!" అని మస్తు లొల్లి చేసింది. అప్పటికే మూడింటికి నంబర్లు పడ్డాయి. నాలుగోది బ్రష్షు నమిలేసింది.

ఒక వింత చెప్పాలి. లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే బసవయ్య రోజూ వీటి వెనక హారన్ కొట్టి చంపుతాడు. ఇవాళ నంబర్లు చూసి స్కూటర్ ఆపి, "అరె భాయ్, సర్కారీ బర్రెలు, జర తొవ్వ ఇయ్యుండ్రి!" అని అందరినీ నిలబెట్టాడు.

మేడం, ఈ తంటా తెగాలంటే మీరే రావాలి. ఇవి ఎవరివో, ఎక్కడ దాటుతాయో, ఎందుకు దాటుతాయో మీ కళ్లతో చూసి, రాసి, ఆ వరుస కొట్టేయండి.

ఇట్లు,
ఆగయ్య

తా.క. రాణి ఈనింది. ఆడ దుడ్డె. జున్ను ఎల్లుండి దాకానే ఉంటుంది.

*

శ్రీ ఆగయ్యగారికి,

నిన్న స్వయంగా తనిఖీ చేశాను. ఆ గేదెలు కృష్ణమ్మగారి సొంతమనీ, ఆమె కుటుంబం నలభై ఏళ్లుగా ఇదే మలుపులో వాటిని దాటిస్తోందనీ, అక్కడి రాతి తొట్టి వాటి నీళ్ల కోసమేననీ ధ్రువీకరించి, నలభై ఒకటో వరుస కొట్టేశాను. సంతకం, ముద్ర ఉన్న ఉత్తర్వు ఇందుతో జతపరిచాను.

ఇట్లు,
స్రవ్య

తా.క. జున్ను చాలా బాగుంది. ఇది ఉత్తర్వులో భాగం కాదు.

*

మేడంగారికి, తప్పు చేసిన ఆగయ్య నమస్కారాలు.

ఉత్తర్వు చేతికొచ్చింది కాబట్టి ఒప్పుకుంటున్నాను. సర్వీసులో కాగితం లేదన్న ఒక్క మాట మీద చలివేంద్రాలు, అరుగులు, చివరికి ఒక ముసలాయన చెప్పుల డబ్బా కూడా నా చేత్తోనే తీసేశాను. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. జాబితాలో తొట్టి అని రాస్తే పాత రాయి అని మొదటి రోజే కొట్టేసేవారు. అందుకే గేదెలని రాశాను. చూడితో ఉన్న రాణి కొట్టం దాటి రాదని తెలిసే తొమ్మిది వేశాను. తొమ్మిదీ దొరికి ఉంటే మీవాళ్లు టిక్కు పెట్టి వెళ్లిపోయేవారు. దొరకలేదు కాబట్టి మీరు అడిగారు. గేదెల వరుస కొట్టేయాలంటే తొట్టి గురించి రాయక తప్పలేదు. నలభై ఏళ్లుగా చెల్లెకు లేని కాగితం మీ చేతి మీదుగా వచ్చింది. మోసమే. క్షమించండి.

ఇట్లు,
ఆగయ్య

తా.క. దుడ్డెకు ఇంకా పేరు పెట్టలేదు. మీకు అభ్యంతరం లేకపోతే స్రవ్య అని పెడుతుందట చెల్లె.

*

ఆగయ్యగారికి,

జున్ను గిన్నె చేతికిస్తూ కృష్ణమ్మగారు నాతో ఏమన్నారో తెలుసా? "జాబితా రాసిననాడే అన్న జెప్పిండు, ఒక మేడం తప్పకుంట వస్తదని." అప్పుడే నాకంతా అర్థమైంది. జున్ను తినేసి టేపు తీసి తొట్టిని కొలిచాను. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. ఇప్పుడది రోడ్డు పటంలో ఉంది. దాని ఎదురుగా డివైడర్‌లో పన్నెండు అడుగుల దారి వదిలి గీశాను. రాణి ఇక నిశ్చింతగా దాటవచ్చు.

ఇట్లు,
పెద్ద స్రవ్య

తా.క. వచ్చే నెల జహనుమా వైపు ఇంకో రోడ్డు మాకు అప్పగిస్తున్నారు. ఆ జాబితా రాసిన మేస్త్రీ మీ దగ్గర పని నేర్చుకున్నాడట. అందులో "మేకలు, ఇరవై మూడు" అని ఉంది. ఈసారి ఉత్తరం రాయడం లేదు. టేపు పట్టుకుని నేరుగా వెళుతున్నాను.