అమ్మ ఎడమ కాలు

గద్వాల, బుధవారం రాత్రి

వనపర్తి ట్రైనింగ్ నుంచి వచ్చాక అన్నం ముట్టబుద్ధి కాలేదు. మా నర్సులకు డాక్టరమ్మ ఈరోజు గర్భనిరోధక మాత్రలు ఎలా మారుతూ వచ్చాయో చెప్పింది. తొలినాళ్ల మాత్రల్లో ఈస్ట్రోజెన్ ఇప్పటికంటే చాలా ఎక్కువట. దాంతో కొందరికి కాళ్లలో రక్తం గడ్డకట్టేదట. పోనుపోను ఆ మోతాదు తగ్గించారు, దానికి తోడుగా కలిపే రెండో హార్మోన్‌నూ మార్చారు.

"ఇప్పటి గోలీలు గట్ల గావు. అయినా ఒక్క కాలే ఉబ్బితే జర భద్రం. పిసకనియ్యొద్దు. గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోతది," అంది.

రాసుకుంటున్న నా పెన్ను ఆగిపోయింది.

అమ్మ అప్పట్లో ఆ గోలీలను నాయనకు కనపడకుండా నూలు చుట్టిన కండెల డబ్బాలో, అడుగున దాచుకునేది. రోజంతా మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుంటుంది కాబట్టే ఎడమ కాలు వాచిందని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. నేసేవాళ్లకు వాపు మామూలే కదా. మర్నాడు పొద్దున్నే ఊపిరాడక చనిపోయింది.

పక్కన కూర్చున్న సుజాత "ఏమైందక్కా, గట్లున్నవ్?" అంది. ఏం లేదన్నాను. గోలీ వల్లేనని నాకు మాత్రం ఏం తెలుసు? మగ్గం వల్లేనేమో. అలా అనుకునే ఇన్నేళ్లూ నిద్రపోయాను...

అమ్మ కాలు వాచిన ఆ రాత్రి ఆముదం వెచ్చబెట్టి కాలికి రాసింది నేనే. పదకొండేళ్లు నాకు.

"ఇంగ జర గట్టిగ ఒత్తు బిడ్డా, పానం నిమ్మళమైతది," అంది అమ్మ.

నా బలమంతా పెట్టి ఒత్తాను.