యంత్రాలు పంపి నిమ్మతోట యజమానినైన విషయమై

హైటెక్ సిటీ అద్దాల భవనంలో పద్నాలుగో అంతస్తున కొలువైయున్న ఎగుమతుల విభాగాధికారి శ్రీ ఉదయ్ భాస్కర్ గారి సముఖమునకు, బాలానగర్‌లో లేతు షెడ్డు నడుపుకుంటూ మూసాపేటలో కాపురముంటున్న పెద్దన్న సమర్పించుకొను అర్జీ.

విషయం: ఘనా దేశపు రేవులో ఆగిపోయిన నా సరుకు యంత్రాలే గాని నిమ్మకాయలు కాదని తమ కార్యాలయం నుండి ఒక్క ఉత్తరం ముక్క పంపించుట గురించి.

అయ్యా,

1. నేను చాలాకాలం గ్రైండర్లకు విడిభాగాలు చేసి బతికినవాడిని. ఆ పని సన్నగిల్లాక కర్రపెండలం దుంప తురిమే యంత్రం తయారుచేశాను. మనకు బియ్యం ఎట్లాగో ఘనాలో చాలామందికి ఆ దుంప అట్లాగ. అక్కడ దుంప పిండి వ్యాపారం చేసే అబేనా గారు నా యంత్రాన్ని ఫోనులో చూసి, గట్టిగా బేరమాడి, మొదటి కంటైనరుకు ఆర్డరిచ్చారు. ఇవి బాగా పనిచేస్తే ఇక ఎప్పుడూ నా దగ్గరే తీసుకుంటానన్నారు. ఆ మాట మీదే నా షెడ్డు నిలబడి ఉంది. "చిన్న పరిశ్రమలు ఆఫ్రికా వైపు చూడాలి" అని తమరే నిరుడు సభలో సెలవిచ్చారు. నేను చూశాను. నేను చేసిన మొదటి పొరపాటు అదే.

2. రెండో పొరపాటు నా భార్య పార్వతమ్మది. సరుకు గేటు దాటే ముందు పెట్టెలకు పసుపు కుంకుమ పెట్టడం, లారీ చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం బాలానగర్‌లో అందరూ చేసేదే. ఆవిడ అక్కడితో ఆగలేదు. నాకు తెలియకుండా ప్రతి యంత్రం తొట్టిలోనూ ఒక నిమ్మకాయ, నాలుగు మిరపకాయలు దారానికి గుచ్చి వేలాడదీసింది. ఇదేమిటని అడిగితే, "సముద్రం దాటి పోయే సరుకును ఒట్టిదే పంపిస్తారా యాడన్నా? నీకు చెప్తే వద్దంటావని చెప్పలేదు" అని ఇప్పటికీ నన్నే దబాయిస్తోంది.

కంటైనరు లోపల ఉక్క ఎలా ఉంటుందో తమకు తెలియనిది కాదు. కాయలు కుళ్లి, గింజలు మొలకెత్తాయి. అక్కడి తనిఖీవారు తలుపు తీసేసరికి యంత్రాల నోట్లోంచి మొలకలు తొంగిచూస్తున్నాయట. పరాయి మొక్కలు వస్తే తమ పంటలకు చీడ పడుతుందని సరుకు ఆపేశారు. ఇందులో వారి తప్పు గోరంత కూడా లేదు, నేనైనా ఆపేవాణ్ణే. "ఇవి యంత్రాలేననీ, కాయలు పొరపాటున వచ్చాయనీ మీ అధికారుల చేత రాయించండి, శుభ్రం చేసి వదిలేస్తాం" అన్నారు. ఇంతకన్నా మర్యాదగా ఎవరు మాట్లాడతారండీ?

3. రేవువారి లేఖ తమ కార్యాలయానికి వచ్చింది. అసలు గోల ఇక్కడ మొదలైంది. అందులో నిమ్మకాయ అన్న మాట కనబడగానే తమవారు ఫైలును పండ్ల విభాగానికి తోసేశారు. వారు నన్ను పండ్ల ఎగుమతిదారుగా నమోదు చేసి, తోట సర్వే నంబరు, పురుగుమందుల వివరాలు, శీతల గిడ్డంగి ఫోటో పంపమన్నారు. కంటైనరు బరువు మొత్తాన్నీ నిమ్మకాయల కింద రాసుకున్నారు. ఉన్నది ఇనుమాయె! దాంతో పశ్చిమ ఆఫ్రికాకు మన నిమ్మ ఎగుమతులు ఒక్కసారిగా మిన్నంటాయి.

4. స్వయంగా విన్నవించుకుందామని వచ్చాను. తమ లిఫ్టులో లోపల మీటలుండవని, బయటే అంతస్తు నొక్కి ఎక్కాలని నాకెవరూ చెప్పలేదు. జనం ఎక్కడ దిగితే అక్కడ దిగుతూ, ఎవరో సాఫ్ట్‌వేరు వారి పుట్టినరోజు కేకు కూడా తిని, చివరికి తమ అంతస్తు చేరాను. లిఫ్టు గురించిన ఈ ఫిర్యాదును పరిశీలించినా సరే, మానినా సరే.

ఫైలు చూసే మౌనిక గారు మంచి పిల్ల. "మిషన్లే గద అంకుల్, నాకు సమజైంది. గని నా సిస్టంల పండ్లనే సూపిస్తుంది. మార్చాల్నంటే సార్ సంతకం గావాలె. జర కూసోండ్రి, ఫికర్ చెయ్యకుండ్రి" అన్నది.

తర్వాత తమ దర్శనమైంది. తమరు లేచి నా చెయ్యి పట్టుకుని ఊపారు. "కంగ్రాట్స్ అండీ పెద్దన్న గారూ! ఈ ఏటి ఉత్తమ పండ్ల ఎగుమతిదారు మీరేనండీ. శనివారం సాయంత్రం సభలో శాలువా కప్పుతున్నాం" అన్నారు. నావి యంత్రాలండీ మొర్రో అన్నాను. "తెలుసండీ. కానీ సభలో చూపించే స్లైడ్లు పైవారికి వెళ్లిపోయాయి. ఇప్పుడు కాదంటే అందులో నిమ్మ ఎగుమతుల గీత కింద పడిపోతుందండీ. సభ కానివ్వండి, సోమవారం చూద్దాం" అన్నారు. కాఫీ మాత్రం బాగుంది.

5. అయ్యా, నాకు సోమవారం లేదు. అక్కడ పంట తవ్వుతున్నారు. తవ్విన దుంప రెండు మూడు రోజుల్లో పాడైపోతుంది. అబేనా గారు ఫోను చేశారు. ఆవిడ ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ సరిసమానం గనుక ప్రతి మాటా అర్థమైంది. "పెద్దన్నా, నువ్వు మంచివాడివే, కానీ ఆ సంగతి దుంపలకు తెలియదు. శనివారం పొద్దుటికి యంత్రాలు విడుదల కాకపోతే ఇక్కడ దొరికే చైనావి కొనేస్తాను. ఆ తర్వాత నీవి నాకెందుకు?" అన్నారు.

మా వెల్డర్ తిరుపతి పక్కనే ఉండి విన్నాడు. "అన్నా, సోమవారం కెల్లి పనికి రావాల్నా, వద్దా?" అని అడిగాడు. అర్జీలో ఇలాంటివి రాయకూడదేమో గాని, షెడ్డు వెనక్కి వెళ్లి ఏడ్చానండీ.

6. కావున తమరు దయతలచి, శుక్రవారం సాయంత్రంలోగా ఆ ఒక్క ఉత్తరం రేవుకు పంపించవలెను. ఉత్తరం ఘనాకు పోతుంది, తమ స్లైడు శనివారం సభకు పోతుంది, దారిలో రెండూ ఎక్కడా ఎదురుపడవు. తర్వాత ఎప్పుడైనా ఆ గీత కింద పడితే నా షెడ్డులో జాకీ ఉంది, లేపుకుందాం. ఇకపై మా యంత్రాల్లో కాయగాని, పండుగాని, ఆకుగాని ఉండదని పార్వతమ్మ చేత ఒట్టు వేయించాను. ఇంతకు మించి చిత్తగించవలసినది తమ చిత్తం.

ఇట్లు,
తోట లేని తోట యజమాని, తమ విధేయుడు,
పెద్దన్న

తా.క.: ఇది ముగిస్తుండగా మౌనిక గారు ఫోను చేశారు. శాలువా కప్పాక నేను మైకులో రెండు ముక్కలు మాట్లాడాలట. రెండు ప్రసంగాలు సిద్ధం చేసుకున్నాను. శుక్రవారానికి ఉత్తరం వెళితే, నిమ్మతోట పెంచడానికి నేను పడ్డ పాట్లు చెబుతాను, అవసరమైతే కళ్లనీళ్లు కూడా పెట్టుకుంటాను. వెళ్లకపోతే రెండోది చదువుతాను. అది ఈ అర్జీయే.