పెట్టె వేడెక్కింది బావా!

బిలాస్‌పూర్ (మ.ప్ర.)
14-9-88

ప్రియమైన బావ త్రినాథరావుకి ఆదినారాయణ నమస్కరించి రాసేది.

ఇక్కడ మేం క్షేమం అని రాస్తే అబద్ధం అయిపోతాది. క్షేమం కాదు బావా, పండగ! సంతోషం పట్టలేక ఈ ఇన్‌లాండు కవరు మడతల్లోన కూడా రాస్తున్నాను. చింపేటప్పుడు చూసి చింపు.

మన ప్రసూన యాంప్లిఫైరు చేసింది. కొనలేదు, చేసింది! ఐటిఐలో రేడియో పని నేర్చుకుంటే ఏటొస్తాదిలే అనుకున్నాను. ఇప్పుడు మా ఇంట్లో పాట పెడితే రైల్వే కాలనీ చివర గార్డుబాబు క్వార్టర్లో పిల్లి లేచిపోతున్నాది.

పెట్టె వెనకాల అల్యూమినియం పలక ఒకటుంటాది. దానికి పక్కటెముకల్లాగ రెక్కలు. హీట్‌సింకు అంటారట. ట్రాన్సిస్టర్లు అని నాలుగు చిన్న ఇనుప టోపీలున్నాయి. పాట మోసేది అవే. మోసి మోసి వేడెక్కిపోతాయి. ఆ వేడిని పలక లాక్కుని రెక్కల్లోంచి గాలికి వదిలేస్తాది. ఆ పలకకి కన్నాలు వేసింది చూడు, అదీ పని! ముందు గీత గీసింది. పంచితో చిన్న చుక్క కొట్టింది. సన్న బిట్టుతో ఒకసారి, లావు బిట్టుతో ఇంకోసారి. చేతి డ్రిల్లే. నేను పలక పట్టుకుని కిరసనాయిలు చుక్కలు వేసాను, అంతే నా వంతు. ఆఖర్న కన్నం అంచున వేలు పెడితే వెన్న! ఒక్క గరుకు లేదు. క్యారేజి షెడ్డులో ముప్పయ్యారేళ్ళు ఫిట్టరు పని చేసినాను, ఇలాటి కన్నం నా చేత పడలేదు. నా కూతురని కాదు. నా కూతురనే అనుకో.

ఒక తమాషా చెప్పాలి. అరగంట పాట మోగాక అలవాటు చొప్పున వెనక్కెళ్ళి అరచెయ్యి తిరగేసి ఆ పలకకి ఆనించాను. కాలిపోతున్నాది! బండి ఆగగానే పరిగెత్తి ఇరుసుపెట్టెల మీద అలాగే చెయ్యి పెట్టి చూసినవాణ్ణి కదా. ఇరుసు వేడెక్కిందంటే ఆ వేగన్ని బండిలోంచి కోసి పక్క లైన్లో పెట్టడమే, మరో మాట లేదు. "ఆపెయ్యే! హాట్ యాక్సిల్!" అని అరిచాను. గుంట నవ్వింది. "నాన్నా, ఇది వేడెక్కాలి. వేడెక్కకపోతేనే భయపడాలి" అన్నాది. ముప్పయ్యారేళ్ళ చదువు ఒక్క మాటతో కొట్టేసింది!

ఇట్లు, ఆనందం ఎక్కువై అక్షరాలు వంకరపోయిన
నీ బావ, ఆదినారాయణ

తా.క. ఈ ఏడు మన ఊరి గైరమ్మ సంబరానికి అద్దె మైకు వద్దు. కమిటీ పెద్దవి నువ్వే కదా. మన పిల్ల పెట్టే మోగాలి.

తా.క. 2. మీ చెల్లెమ్మ పెట్టెకి బొట్టు పెట్టి హారతి ఇవ్వబోయింది. "వద్దమ్మా, ఇప్పటికే వేడిగా ఉన్నాది" అన్నాది ప్రసూన.


చింతలపేట, వయా బొబ్బిలి
26-9-88

బావ ఆదినారాయణకి త్రినాథరావు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. మడతలో రాసినది సగం చిరిగింది. మిగతా సగం చదివాక పూర్తిగా చిరిగిపోయినా బాగుండేదనిపించింది.

కోప్పడకుండా విను. ఆడపిల్ల చేత ఇనుముకి కన్నాలు వేయించడమేటి? పైగా నువ్వు పలక పట్టుకోవడమేటి? ప్రసూన ఉయ్యాల్లో ఉండగానే మా ప్రతాప్‌కి అనుకున్నాం. నేనేమీ మాట తప్పలేదు. మాఘంలో ముహూర్తం చూడమని మీ చెల్లెలు కనకం రోజూ నా చెవి కొరుకుతున్నాది. అయితే రేపు ఊళ్ళో ఎవరైనా "కోడలేటి చేస్తాది బాబూ?" అంటే ఏమనాలి? డ్రిల్లు చేస్తాది అననా?

మరో సంగతి. నిప్పుల కుంపటి లాంటి పెట్టెని తాటాకు పందిట్లో పెట్టమంటున్నావు. పోయినేడు పక్క ఊరి పందిరి అగరుబత్తికే అంటుకుంది. నీ మాట కొట్టేయలేక పంపమంటున్నాను. పంపు. చూద్దాం. వేడి సంగతి నాకు వదిలెయ్యి. ఎండాకాలం నీళ్ళకుండకి తడి గోనెపట్టా చుడతాం కదా, దీనికీ అలాగే చుడతాను.

ఉంటాను,
త్రినాథరావు

తా.క. అమ్మాయికి బెల్లం గవ్వలు చుట్టడం వచ్చునా అని కనకం అడుగుతున్నాది.

తా.క. 2. ప్రతాప్ నీ ఉత్తరం నా చేతిలోంచి లాక్కుని మూడుసార్లు చదివాడు. కరెంటాఫీసులో కాగితాలు రాసుకునే వెధవకి ఇదంతా దేనికి? "ఆ ట్రాన్సిస్టరు నంబరెంతో అడుగు నాన్నా" అంటున్నాడు. పిల్ల నక్షత్రం అడగలేదు, నంబరు అడుగుతున్నాడు.


బిలాస్‌పూర్
12-10-88

బంగారం లాంటి మా బావ త్రినాథరావుకి ఆదినారాయణ కోటి దండాలు.

నీ ఉత్తరం ఇంటిల్లిపాదికీ పైకి చదివి వినిపించాను. మా ప్రసూనకి తెలుగు చదవడం అంతంతమాత్రం కదా, హిందీ బళ్ళో చదువు. అందుకని నేనే చదువుతాను, అందరం వింటాం. నీ బెంగ నాకు అర్థమయింది బావా. కన్నాలు వేసిన పలక గట్టిగా ఉంటాదా, ఊడిపోతాదా అని కదా! ఎంత ముందుచూపు నీది! తడి గోనెపట్టా దాకా ఆలోచించావు. ఆ ముక్క విని ప్రసూన చాలాసేపు ఏదో రాసుకున్నాది. నీ సలహా అంత నచ్చింది.

గవ్వలంటావా? చుడతాది! మొన్న గవ్వల చెక్క కనబడకపోతే మిగిలిపోయిన హీట్‌సింకు ముక్క కడిగి దాని రెక్కల మీద చుట్టింది. గీతలు ఎంత తిన్నగా పడ్డాయంటే, తినడానికి మనసు రాలేదు. చెల్లికి చూపించమని పెట్టెతో పాటు డబ్బాడు పంపిస్తున్నాను.

సదర్ బజార్ రేడియో కొట్టు సేఠ్ వచ్చి పెట్టె చూసాడు. ఎవరు చేసారని, "కిస్‌నే బనాయా?" అన్నాడు. "మేరీ బేటీ" అన్నాను. నమ్మలేదు. కన్నాలు చూసాడు. నమ్మేసాడు. బస్, అంతే! అక్కడే నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి.

ప్రతాప్ అడిగిన నంబరు: 2ఎన్ 3055. నక్షత్రం రోహిణి. రెండూ రాసుకోమను.

నీళ్ళు నిండిన కళ్ళతో,
ఆదినారాయణ

తా.క. ఇది నీకు మాత్రమే. పెట్టె పార్శిలు కట్టే ముందు, ప్రసూన బజారుకెళ్ళినప్పుడు, వెనక పలక విప్పి చూసాను. ఒక్కో ట్రాన్సిస్టరుకీ పలకకీ మధ్య పల్చటి మైకా ముక్క! నాలుగున్నాయి! పలక సమంగా రాలేదని పాపం ప్యాకింగు పెట్టి సర్దింది. నా కూతురి పనిలో ప్యాకింగా? మా షెడ్డులో ప్యాకింగు పెట్టినోడి పక్కన కూచుని టీ తాగేవారు కాదు. నాలుగూ తీసేసాను. స్క్రూల చుట్టూ ప్లాస్టిక్ ముక్కలుంటే అవీ తీసేసాను. అంటుకున్న తెల్ల పేస్టు తుడిచి, రిటైరైన రోజున తెచ్చుకున్న గ్రీజు పట్టించి, ఇనుముకి ఇనుము ఆనేలాగ బిగించాను. ఇప్పుడు పిడుగు పడినా కదలదు. గుంటతో అనకు, చిన్నబుచ్చుకుంటాది.


చింతలపేట
30-10-88

బావ ఆదినారాయణకి.

క్షేమ సమాచారాలు తర్వాత.

నిన్న పెట్టె వచ్చింది. సంబరానికి ముందే ఒకసారి మోగించి చూద్దామని రచ్చబండ మీద పెట్టాను. ఊరంతా మూగింది. ఆడవాళ్ళు చంటిపిల్లల చెవులు కూడా మూసారు, మోత ఎక్కువని నువ్వు రాసావు కదా. కొబ్బరికాయ కొట్టి స్విచ్చి వేసాను.

"టప్" అన్నాది. అంతే. పాట లేదు. నీ రెక్కలు వేడెక్కనూ లేదు. చంటిపిల్లలు మాత్రం ఏడ్చారు.

అద్దె మైకు ఎర్రయ్య అక్కడే ఉన్నాడు. ఏటన్నాడో తెలుసా? "ఆడకూతురు సేసిన పెట్టె కదా బాబూ, కొత్త సోట సిగ్గుపడతన్నాది." ఊరు ఊరంతా నవ్వింది. ఇరవయ్యేళ్ళు కమిటీ పెద్దగా ఉన్నాను, నా మీద ఎవడూ నవ్వలేదు. నా ఎదురుగా నవ్వలేదు.

చేతకాని పని ఆడపిల్లకి నేర్పితే ఇంతే. సంబరానికి ఎర్రయ్యనే రమ్మన్నాను. మాఘం మాట ఇప్పుడు ఎత్తకు. ప్రతాప్ పెట్టె ముందు కూచుని, శవం దగ్గర కూచున్నట్టు, అన్నం తినడం లేదు.

త్రినాథరావు

తా.క. గవ్వలు బాగున్నాయి. దానికీ దీనికీ సంబంధం లేదు.

తా.క. 2. కనకం నీకు విడిగా కార్డు రాస్తానంటున్నాది. అందులో గోనెసంచి గురించి ఏదైనా ఉంటే నమ్మకు. దానికి కంటిచూపు తగ్గింది.


బిలాస్‌పూర్
7-11-88

బావ త్రినాథరావుకి ఆదినారాయణ తల దించుకుని రాసేది.

అలవాటు ప్రకారం నీ ఉత్తరం అందరిముందూ పైకి చదివాను. "టప్" దగ్గర ప్రసూన తల ఎత్తింది. "నాన్నా, మైకా తీసేసావా?" అన్నాది. పోలీసులు కూడా అంత సూటిగా అడగరు బావా. నా చేతిలో ఉత్తరం కింద పడిపోయింది.

ఆ ట్రాన్సిస్టరు టోపీకి ఒంటినిండా కరెంటే ఉంటాదట. మైకా ఉన్నదే, అది వేడిని పోనిస్తాది, కరెంటుని పోనివ్వదు. స్క్రూల చుట్టూ ప్లాస్టిక్ ముక్కలు పెట్టిందీ అందుకే. నేను ఇనుముకి ఇనుము ఆనించాను కదా, నువ్వు స్విచ్చి వెయ్యగానే కరెంటంతా పలకలోకి దూకి ఫ్యూజు పోయింది. "అది ప్యాకింగు కాదు నాన్నా, కాపలా" అన్నాది. కాపలావాణ్ణి నేనే ఇంట్లోంచి గెంటేసి, గట్టిగా తలుపేసానని మురిసిపోయాను.

అందుకని రాస్తున్నాను. ఇది అందరి ముందూ చదువు. రచ్చబండ మీద చదువు, ఎర్రయ్యకి వినబడేలాగ చదువు. పెట్టె పాడుచేసినోడు ఆదినారాయణ. పిల్ల పనిలో లోపం లేదు. మాఘంలో ముహూర్తం పెడతావా, మానేస్తావా, అది నీ ఇష్టం. నేను కాళ్ళు పట్టుకోను. కానీ ఆ పలకకి కన్నాలు వేసిన చేతికి పని రాదని మాత్రం అనకు బావా. అది నేను పడలేను.

గుంట నా మీద అరుస్తాదనుకున్నాను. అరవలేదు. "మావయ్య పైమూత విప్పలేదు కదా?" అన్నాది. లేదనుకుంటాను అన్నాను. "అచ్ఛా" అని వెళ్ళి అన్నం తిన్నాది. దాని ధైర్యం చూస్తే నాకు భయంగా ఉన్నాది.

నేరం ఒప్పుకున్న,
ఆదినారాయణ

తా.క. నా గ్రీజు డబ్బా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి కొంగుకి కట్టుకుని తిరుగుతున్నాది.


చింతలపేట
28-11-88

మా బావ ఆదినారాయణకి త్రినాథరావు దణ్ణం పెట్టి రాసేది.

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని అనుకోకు. చదివినంత సులువు కాదు బావా, తప్పు ఒప్పుకోవడం. నీ ఉత్తరం రచ్చబండ మీద చదివాను. సగంలో కనకం లేచి "మా అన్న ఒప్పుకున్నాడు, మరి మీరో?" అన్నాది. ఊరి ముందు ఇక తప్పలేదు. నువ్వు కూడా విను. రచ్చబండకి తెచ్చే ముందే ఇంట్లో ఆ పెట్టెకి తడి గోనెపట్టా చుట్టి తీసాను. వేడెక్కకముందే చల్లబరిచాను. "టప్" అనగానే నా వల్లే పోయిందనుకున్నాను. అనుకునే, పిల్ల మీదకి తోసేసాను. ఇరవయ్యేళ్ళు పెద్దరికం చేసినవాడికి చేతికి దొరికిన మొదటి పని అదే.

నీ ఉత్తరం చదివిన రోజు సాయంత్రమే ప్రతాప్ పైమూత విప్పాడు. నువ్వు వెనక పలక విప్పావు గానీ మూత జోలికి పోలేదు కదా. మూత లోపల మూడు కవర్లు అంటించి ఉన్నాయి. అన్నిటి మీదా హిందీలో రాత. మా ఇంట్లో ఎవరికి వచ్చు? ప్రతాప్ సైకిలెక్కి బొబ్బిలి పోయి హిందీ మాస్టారు అమ్మన్నగారిని వెనక కూచోబెట్టుకుని తెచ్చాడు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని గంభీరంగా చదివారు.

ఒకటో కవరు: "నాన్న మైకా తీసేస్తే." అందులో నాలుగు మైకా ముక్కలు, ప్లాస్టిక్ ముక్కలు, చిన్న డబ్బీలో తెల్ల పేస్టు. కాగితం మీద: "గ్రీజు కూడా రాసే ఉంటాడు. కిరసనాయిలుతో తుడవాలి."

రెండో కవరు: "మావయ్య తడి గోనెపట్టా చుడితే." అందులో రెండు ఫ్యూజులు. కాగితం మీద: "ముందు ఒక రోజంతా ఎండలో పెట్టండి. పెట్టెని. మావయ్యని కాదు."

మాస్టారు ఆ ఆఖరి ముక్క రెండుసార్లు చదివారు. అక్కర్లేదు, ఒకసారి చాలు.

ప్రతాప్ కాగితంలో ఉన్నది ఉన్నట్టు చేసాడు. సంబరం మూడు రోజులూ మోగింది బావా! గైరమ్మని నిమజ్జనానికి తీసుకెళ్తుంటే చెరువు అవతల గట్టు నుంచి కూడా వినబడింది. నువ్వు రాసిన ముక్క ఎవరు మోసుకొచ్చారో గానీ, ఊళ్ళో ప్రతివాడూ వెనక్కెళ్ళి అరచెయ్యి తిరగేసి పలకకి ఆనించి "ఆఁ, వేడిగా ఉన్నాది, మంచిదే" అని తల ఊపి వస్తున్నాడు. ఎర్రయ్య అయితే రోజుకి నాలుగుసార్లు ఆనించాడు. తన మైకు పెట్టెకి కూడా ఇలాటి రెక్కలు పెట్టిస్తారా అని నన్ను చాటుకి పిలిచి అడిగాడు. నేనేటి చెప్తాను, కోడల్ని అడగాలన్నాను.

అవును బావా, కోడలే. మాఘ శుద్ధ పంచమి నాడు బాగుందన్నారు పంతులుగారు. రేపు ఊళ్ళో ఎవరైనా "కోడలేటి చేస్తాది?" అంటే ఇప్పుడు నా దగ్గర జవాబుంది. "పెద్దవాళ్ళు పాడుచేసినవి బాగుచేస్తాది. మన ఊళ్ళో బోల్డు పని."

మీ రాకకి ఎదురుచూసే,
త్రినాథరావు

తా.క. ప్రతాప్ రోజూ సాయంత్రం అమ్మన్న మాస్టారి దగ్గర హిందీ నేర్చుకుంటున్నాడు. ఫ్యూజుకి హిందీలో ఏమంటారని అడిగితే మాస్టారు రెండు రోజులు గడువు అడిగారు.

తా.క. 2. మూడో కవరు సంగతి రాయలేదు కదూ. దాని మీద "నాన్నా, మావయ్యా ఒకే ఊళ్ళో ఉంటే" అని ఉంది. పెళ్ళికి నువ్వొస్తావు కదా, ముందే విప్పి చూసాను. అందులో మూతకి వేసే చిన్న తాళంకప్ప ఉంది. తాళంచెవి లేదు. "అది ఆవిడతోనే వస్తాది నాన్నా" అంటున్నాడు ప్రతాప్.